జడ్జిగారి మొగుడి కుర్చీ

మామయ్యకు,

నమస్కారాలు. నేను కులాసా. నీ కంటి ఆపరేషన్ బాగా జరిగిందని అమ్మ రాసింది. ఇక కొన్నాళ్ళు బుద్ధిగా పడుకో.

నువ్వు దించిన కుట్టుమిషన్ల పనిముట్ల సంచీ భుజాన వేసుకుని నీ దారినే తిరుగుతున్నాను. ఏ ఊరెళ్ళినా దర్జీలు ముందు సంచీని పలకరించి తర్వాత నన్ను చూస్తున్నారు. "మీ మామయ్య బిగించిన బెల్టు ఇంకా తెగలేదు. నువ్వు బిగించింది ఎన్నాళ్ళుంటుందో చూద్దాం" అంటారు. చూడనీ. నేను చెయ్యి పెట్టాక మిషన్ దారం తెంపకుండా నడిస్తే చాలు నాకు.

అసలు సంగతి ఇది. నువ్వు చెప్పావు కదా అని పొద్దున మొదటి బస్సు వదిలేసి రెండోది ఎక్కాను. ఎందుకెక్కమన్నావో నీకే తెలియాలి. వంతెన దాటగానే అది దగ్గి, తుమ్మి, ఆగిపోయింది. ఎవరూ డ్రైవర్ని తిట్టలేదు. అలవాటైన పనిలా దిగి తలో దారీ పట్టారు. డ్రైవరు నా సంచీ చూసి ఎందుకో నవ్వాడు. "ఇది ఇక్కడే ఉండనీ బాబూ, నేను చూస్తుంటాను. నువ్వెళ్ళి భోంచేసిరా" అన్నాడు.

వెళ్ళాను. బజారు చివర, తాళాలు బాగుచేసే కొట్టు పక్కన ఒక పొడుగాటి గది. ఎడమవైపు సగం హోటలు, కుడివైపు సగం బారు. మధ్యలో గుమ్మం ఉంది గాని దానికి తలుపు లేదు. హోటలు అక్కది, బారు తమ్ముడిది. అక్కని ఊరంతా పెద్దక్క అంటారు. తమ్ముణ్ణి చిన్నోడంటారు. మీసాలు నెరిశాయి, అయినా చిన్నోడే. పెద్దక్క చేప వేపి ఇటునుంచి పంపుతుంది, చిన్నోడు గ్లాసు నింపి అటునుంచి పంపుతాడు. రెండూ గుమ్మంలో ఎదురుపడి దారి ఇచ్చుకుంటాయి.

మామయ్యా, ఈ ఉద్యోగంలో చేరాక తిన్న తిళ్ళన్నీ ఒక ఎత్తు, ఆ చేప ఒక్కటీ ఒక ఎత్తు. అంతకన్నా రాయడం నాకు రాదు.

కిటికీ పక్కన కుర్చీ ఖాళీగా ఉంటే కూర్చోబోయాను. గది గదంతా మాట్లాడటం ఆపేసింది. "బాబూ, అది జడ్జిగారి మొగుడిది" అన్నాడు చిన్నోడు. ఆయన వచ్చి నెలలు దాటాయట. అయినా రోజూ తుడుస్తున్నారు. నేను వెళ్ళి చేతులు కడుక్కునే తొట్టి పక్కన కూర్చున్నాను. అక్కడ కూడా బాగానే ఉంది.

ఇట్లు,
నీ మేనల్లుడు

తా.క. ఒక్క గ్లాసు పుచ్చుకున్నాను. ఒక్కటే. అత్తయ్యకు చెప్పకు.

*

అల్లుడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నల్ల కళ్ళద్దాలు ఇచ్చారు గాని అక్షరాలు అలుక్కుపోతున్నాయి. అందుకని మీ అత్తయ్య చదివి వినిపించింది. నేను చెబుతుంటే ఇది కూడా తనే రాస్తున్నది. ఈ సంగతి గుర్తు పెట్టుకుని ఇకముందు ఉత్తరాలు రాయి.

నువ్వు దిగిన ఊరు మంచిది కాదు. అక్కడ మనకు పని లేదు. ఉన్న దర్జీ ఒక్కడూ చేత్తో కుడతాడు. ఆ హోటలు నేనెప్పుడూ చూడలేదు, ఆ వీధిలోకి వెళ్ళే అవసరమే నాకు రాలేదు. మళ్ళీ వెళ్ళొద్దు. గట్టిగా చెబుతున్నాను, వెళ్ళొద్దు. ఒకవేళ వెళితే ఆ చేపకి తోక దగ్గర ముళ్ళు జాస్తి, చూసి తిను.

ఇట్లు,
మామయ్య

తా.క. ఇది నేను, అత్తయ్యని. చూడని హోటల్లో చేపకి తోక దగ్గర ముళ్ళుంటాయని మీ మామయ్యకి ఎలా తెలిసిందో నేనడగలేదు. నువ్వూ అడక్కు. ఆ చేప పిండిలో పొర్లించి వేపుతారా, ఉత్తదే వేపుతారా, అది మాత్రం రాయి.

ఇంకొకటి. నువ్వు నాకు చెప్పొద్దన్న సంగతి మీ మామయ్యకి పైకి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు దగ్గాడు.

*

మామయ్యకు, అత్తయ్యకు,

ఇద్దరికీ నమస్కారాలు. ఆ గ్లాసు నిమ్మకాయ నీళ్ళదని మనవి.

వెళ్ళొద్దన్నావు గనక వెళ్ళకూడదనే అనుకున్నాను. మొదటి బస్సు నిండిపోయింది. నిండకపోయినా ఎక్కేవాణ్ణి కాదేమోలే. చేప ఉత్తదే వేపుతారు అత్తయ్యా. పెనం మాత్రం పెద్దక్క ఎవరినీ ముట్టుకోనివ్వదు.

జడ్జిగారి మొగుడి కథ ఈసారి పూర్తిగా తెలిసింది. ఆయన భార్య పెద్ద జడ్జి. ఆయన ఏదో పనిమీద ఇటు వస్తూ ఉండేవాడు. ఊళ్ళో ఎవరికి తగాదా వచ్చినా ఆ కిటికీ దగ్గరికి వచ్చి చెప్పుకునేవారు. ఆయన చేప తింటూ అంతా వినేవాడు. సొంత అభిప్రాయం ఒక్కటీ చెప్పేవాడు కాదట. "ఇంట్లో అడిగి చెబుతాను" అనేవాడు. మళ్ళీ వచ్చినప్పుడు తీర్పు తెచ్చేవాడు. దానికి తిరుగులేదు.

మచ్చుకి చెబుతాను. మంగలివాళ్ళ కోడి పోస్టుమాన్ పెరట్లో గుడ్లు పెట్టేది. గుడ్డెవరిదని ఇద్దరూ మాటలు మానేశారు. జడ్జిగారి తీర్పేమిటంటే, వండుకుంటే పెరడు గలవాళ్ళది, పొదిగిస్తే కోడి గలవాళ్ళది. అప్పటినుంచి ప్రతి గుడ్డుకీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోక తప్పడం లేదు. ఇప్పుడు వాళ్ళు ప్రాణస్నేహితులు. ఇంకోసారి పేకాట దగ్గర ఫ్యాను కింద కుర్చీ కోసం కొట్టుకున్నారు. ఓడినవాడే ఫ్యాను కింద కూర్చోవాలి, చెమట పట్టింది వాడికేగా, అని తీర్పు. ఎంత చదువుకుంటే అంత తెలివి వస్తుంది!

ఇప్పుడు అసలు కష్టం. చేపలో ఉప్పు కాస్త ఎక్కువైతే గ్లాసులు ఎక్కువ ఖాళీ అవుతాయని చిన్నోడికి తోచింది. ఉప్పు పెంచమని అక్కని అడిగాడు. "నా చేపకి ఎంత వెయ్యాలో నాకు తెలుసు, నువ్వు నీ సీసాలు చూసుకో" అంది. చిన్నోడు ఊరుకోకుండా, ప్లేటు గుమ్మం దాటేటప్పుడు జేబులోంచి చిటికెడు తీసి చల్లడం మొదలుపెట్టాడు. పెద్దక్క పట్టుకుంది. చిటికెడు ఉప్పు చేతిలో ఉండగానే పట్టుకుంది. ఆరోజునుంచి బారు వైపు చేప లేదు. గుమ్మానికి అడ్డంగా బల్ల చెక్కలు పెట్టారు. అటు తాగేవాళ్ళు తినడానికి లేక మొహాలు వేలాడేసుకున్నారు. ఇటు తినేవాళ్ళు కబుర్లు లేక గోడలు చూస్తున్నారు. పెద్దక్క గుమ్మం మూయించడానికి మేస్త్రీకి కబురు పెట్టింది. గోడ లేస్తే ఆ ఇంట్లో రెండు పొయ్యిలే. ఒక్క జడ్జిగారు చెబితే మాత్రం వింటామని ఇద్దరూ అంటున్నారు. ఆ మొగుడేమో రావడం లేదు.

మామయ్యా, నువ్వు ఇన్నేళ్ళు ఈ దారుల్లో తిరిగావు. ఏ జడ్జి భర్త అయినా నీకు తగిలాడా?

ఇట్లు,
మేనల్లుడు

తా.క. చిన్నోడు ఏడుపు మొహంతో నిమ్మకాయ నీళ్ళు పోశాడు. నిజంగానే నిమ్మకాయ నీళ్ళు. చేప లేకుండా ఇంకేదీ దిగడం లేదు.

*

అల్లుడికి,

ఆశీస్సులు. నాకు ఏ జడ్జీ తెలియదు, ఏ జడ్జి మొగుడూ తెలియదు. మనది సూదుల వ్యాపారం.

కాని గోడ కట్టడం అన్యాయం. మేస్త్రీని ఆపు. నీకు తోచినట్టు ఆపు. కావాలంటే జడ్జిగారు కబురు పంపారని చెప్పు. తప్పు చిన్నోడిదే గనక అక్క కాళ్ళమీద పడమన్నారని చెప్పు. ఆ మనిషికి మొదటినుంచీ ఆ జేబు ఒకటి ఉంది. నువ్వు రాసినదాన్ని బట్టి చెబుతున్నాను.

ఇట్లు,
మామయ్య

తా.క. అత్తయ్యని. నీ ఉత్తరంలో గుడ్డు తీర్పు చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. ఒకప్పుడు నేను చిక్కుళ్ళు ఒలుస్తుంటే మీ మామయ్య పక్కన కూర్చుని, "ఒకళ్ళ కోడి ఇంకొకళ్ళ పెరట్లో గుడ్డు పెడితే ఎవరిదంటావు?" అని అడిగాడు. నేనూ అచ్చం అదే చెప్పాను. ఫ్యాను సంగతి కూడా అడిగాడు. అప్పటికి మా ఇంట్లో ఫ్యానే లేదు. ఈ మనిషికి పని లేక అడుగుతున్నాడనుకున్నాను.

ఇవాళ మీ మామయ్య నా వంట బాగుందన్నాడు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. పెళ్ళయ్యాక ఇదే మొదలు. జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూశాను.

*

మామయ్యకు, అత్తయ్యకు,

నమస్కారాలు. అత్తయ్యా, నీకూ జడ్జిగారికీ ఒకే ఆలోచన రావడం చూసి ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. నువ్వు చదువుకోవాల్సిందే.

మామయ్యా, నీ మాట విని నా పరువు పోయింది. అందరినీ పిలిచి, "జడ్జిగారు కబురంపారు. చిన్నోడు అక్కగారి కాళ్ళమీద పడాలి" అని చెప్పాను. పెద్దక్క చేతిలో అట్లకాడ పట్టుకుని నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"ఇది ఆవిడ తీర్పు కాదు" అంది.

"ఎందుకు కాదండీ?" అన్నాను.

"ఆవిడ ఎప్పుడూ ఒకళ్ళని ఓడించి పంపలేదు. ఇది ఎవడో మగాడు చెప్పిన తీర్పు."

చిన్నోడు కూడా అక్కనే సమర్థించాడు. కాళ్ళమీద పడటం తప్పిపోతుందని కాదు, నిజంగానే. "జడ్జిగారి పేరు వాడుకుంటావట్రా?" అని మంగలి నా కాలరు పట్టుకున్నాడు. పోస్టుమాన్ విడిపించాడు.

ఎలాగైనా ఆవిణ్ణి వెతకాలని కోర్టున్న ఊరికి వెళ్ళాను. గుమస్తాని పట్టుకుని, "ఇక్కడ ఏ జడ్జిగారి భర్తకి చేపలంటే ఇష్టమండీ?" అని మర్యాదగానే అడిగాను. నన్ను బయటికి పంపినవాడు మాత్రం మర్యాదగా పంపలేదు.

ఇంతకన్నా ఘోరం ఇంకొకటి జరిగింది. ఆ మొగుడే బతికుంటే జడ్జిగారి పేరుమీద దొంగ తీర్పులు ఎందుకొస్తాయి, ఆయన పోయి ఉంటాడు అని ఊరంతా తేల్చుకుంది. ఆయన గ్లాసు బోర్లించి కిటికీలో పెట్టారు. బారు వైపు వాళ్ళు, హోటలు వైపు వాళ్ళు చెక్కల సందుల్లోంచి ఆయన మంచితనం చెప్పుకుని ఏడుస్తున్నారు. చేప తిని వెన్నుముల్లు దువ్వెనలా ఒక్క ముక్కగా తీసి ప్లేటు అంచున పెట్టేవాడట. కళ్ళజోడు జేబులో తలకిందులుగా పెట్టుకునేవాడట. రెండోసారి పోయబోతే గ్లాసు మూతి మీద చెయ్యి పెట్టి, "మా ఆవిడ ఒక్కటే రాసింది" అనేవాడట. ఎప్పుడు చూసినా ఆవిడ కబుర్లే. "మా ఆవిడ గొంతు పెంచదు, గరిటె కింద పెడుతుంది, అంతే" అనేవాడట. ఆవిణ్ణి ఒక్కసారి చూడాలని ఉండేదని పెద్దక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఇటుకలు వచ్చేశాయి. గుమ్మం ముందే పేర్చారు. మేస్త్రీ పక్క ఊళ్ళో పని ముగించుకుని వస్తాడట. నాకు అన్నం సహించడం లేదు. సొంత ఇల్లు పంచుకుంటున్నట్టుంది.

ఇట్లు,
మేనల్లుడు

తా.క. సంతాప సభలో మాట్లాడమని నన్నే అడిగారు. దొంగ తీర్పుకి శిక్షట. చూడని మనిషి గురించి ఏం చెప్పను? నువ్వేమైనా రాసి పంపు.

*

అల్లుడికి,

నేను బాగానే ఉన్నాను. అంటే, ఆయన బాగానే ఉన్నాడు. బతికే ఉన్నాడు. ఎలా తెలుసని అడక్కు. గ్లాసు తిప్పి మామూలుగా పెట్టమను. సభ మానిపించు.

మామయ్య

తా.క. అత్తయ్యని. ఈ ఉత్తరం చెప్పడానికి మీ మామయ్యకి పొద్దుటినుంచి మధ్యాహ్నందాకా పట్టింది. ఒక్క వాక్యం చెప్పడం, పెరట్లోకి వెళ్ళి రావడం.

ఇటుకలు తిప్పి పంపనివ్వకు. కొన్న ఇటుక కొన్నట్టే ఉండాలి. మేస్త్రీని మాత్రం రెండు వరసలు పేర్చి ఆగమను. జడ్జిగారు చెప్పారని చెప్పకు, ఎవరో ముసలామె అడిగిందని చెప్పు.

నిన్న అద్దం ముందు నుంచుని గరిటె కింద పెట్టి చూసుకున్నాను. అంత భయం వేసేలా ఏమీ లేదు.

*

మామయ్యకు, అత్తయ్యకు,

నమస్కారాలు. కొంప మునిగిందనుకున్నాను, తేలింది. కాని ఆ తేలడం చూసే రాత నాకు లేకపోయింది. మీరిద్దరూ కూర్చుని వినండి.

మిషన్ ఒకటి మొండికేసి నేను మూడు ఊళ్ళ అవతల ఇరుక్కుపోయాను. ఆ మధ్యలో జడ్జిగారు స్వయంగా వచ్చారట! ఆయన కూడా! రెండో బస్సులోంచి దిగి నడిచి వచ్చారట. ఆయన నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నారట, ఎండకి కాబోలు. చచ్చిపోయిన మనిషి వీధి గుమ్మంలో నిలబడేసరికి పోస్టుమాన్ చేతిలో ప్లేటు జారిపోయింది. ఆయన వంగి ముక్క తీసి, "ముల్లు చూసుకో" అన్నాడట. వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు.

జడ్జిగారు చేతిసంచీలో సొంత గరిటె తెచ్చుకున్నారట. ఎంత మామూలుగా ఉన్నారో అని పెద్దక్క ఇప్పటికీ చెప్పుకుంటోంది. ముందు చేప తిన్నారు. పెనం చూస్తానన్నారు. మామయ్యా, పెద్దక్క ఆవిడ చేతికి పెనం ఇచ్చిందట! తర్వాత గరిటె బల్లమీద పెట్టారు.

"గోడ కట్టండి" అన్నారు.

చిన్నోడు కూలబడ్డాడు. ముసలామె మాట మీద రెండు వరసలకి ఆగిన మేస్త్రీ మళ్ళీ తాపీ తీశాడు.

"నా నడుందాకా కట్టి ఆపు" అన్నారు. "పైన నున్నగా బండ వెయ్యి. చేప ఇటునుంచి దానిమీద పెట్టాలి, గ్లాసు అటునుంచి దానిమీద పెట్టాలి. మధ్యలో ఉప్పు గిన్నె ఉంటుంది. కావలసినవాడు వేసుకుంటాడు. నీ జేబు మాత్రం కుట్టించుకో" అన్నారట చిన్నోడితో. అక్కడికక్కడ సూది దారం అడిగి ఆ జేబు మూసి కుట్టింది ఆయనేనట. జడ్జి భర్తకి అంత సన్నటి కుట్టు ఎలా వచ్చిందో!

ఇప్పుడు అటూ ఇటూ అందరూ ఆ అరగోడకి మోచేతులు ఆనించుకుని నిలబడే తింటున్నారు. బల్లల దగ్గర ఎవరూ కూర్చోవడం లేదని పెద్దక్క సణుగుతోంది, చేప మాత్రం రెట్టింపు వేపుతోంది. కిటికీ పక్కన రెండో కుర్చీ వేశారు. దాన్ని కూడా రోజూ తుడుస్తున్నారు. నేను ఇంకా తొట్టి పక్కనే.

మామయ్యా, ఆలోచించి చూడు. ఆ జడ్జిగారు నీకు ఏదో ఒక ఊళ్ళో ఎదురుపడే ఉంటారు.

ఇట్లు,
మేనల్లుడు

తా.క. ఆయన ఎప్పటిలాగే ఒక్క గ్లాసు. జడ్జిగారు రెండట.

*

ఒరే అల్లుడూ,

చేతిరాత చూసి కంగారుపడకు. ఇది నేనే రాస్తున్నాను. మీ అత్తయ్య పెరట్లో ఉంది.

నీకు మిషన్లు బాగానే వస్తాయి. మనుషులే కొంచెం ఆలస్యంగా వస్తారు. నల్ల కళ్ళద్దాలు, సన్నటి కుట్టు, సొంత గరిటె. ఇంకా విప్పి చెప్పాలా?

జడ్జి అన్నది నేను పెట్టిన పేరు కాదు. "ఇంట్లో అడిగి చెబుతాను" అన్నందుకు వాళ్ళే పెట్టారు. మీ అత్తయ్యని ఏ సంగతైనా ఎవరైనా అడగడం నేను ఎప్పుడూ చూడలేదు. నేను అడిగేవాణ్ణి, మోసుకెళ్ళి అక్కడ చెప్పేవాణ్ణి. అక్కడ ఆవిడకి ఎంత పేరుందో ఇంటికొచ్చి ఆవిడకే చెప్పలేకపోయేవాణ్ణి. గుమ్మంలో చెప్పులు విప్పేదాకా నోటిదాకా వచ్చేది. ఆవిడ "కాళ్ళు కడుక్కోండి" అనేది. అయిపోయేది. అక్కడివాళ్ళకి నా సంచీ తెలియదు. దాన్ని డ్రైవరు దగ్గరే పెట్టి వెళ్ళేవాణ్ణి. సంచీ కనపడితే తినే చేప మీద మిషన్ తెచ్చిపెడతారు.

నా కళ్ళు నీ మొదటి ఉత్తరం వచ్చేనాటికే బాగయ్యాయి. అది నేను ముందు చదువుకుని, మళ్ళీ అంటించి, అక్షరాలు అలుక్కుపోతున్నాయని ఆవిడ చేతికిచ్చాను. నేను చెప్పలేనిది నువ్వు రాస్తావని నాకు తెలుసు. రెండో బస్సు ఎక్కమన్నది అందుకే. అది ఆ వంతెన దగ్గర తప్ప ఇంకెక్కడా ఆగదు. వెళ్ళొద్దని రాయించింది కూడా అందుకే. వద్దంటే తప్ప నువ్వు ఏ పనీ రెండోసారి చెయ్యవు.

గోడ సంగతి ఒక్కటే నేననుకోనిది. అక్కడ మాత్రం నిజంగా భయపడ్డాను. నా తీర్పు ఎందుకూ పనికిరాలేదు కూడా. సంతాప సభకి ఏం రాసిపెట్టుకున్నావో పంపు, చదువుతాను.

నేను రాసినట్టు మీ అత్తయ్యకు తెలియనివ్వకు. ఇంకొన్నాళ్ళు చదివించుకోవాలని ఉంది.

ఇట్లు,
జడ్జిగారి మొగుడు

తా.క. అత్తయ్యని. కవరు అంటించేది నేనేనని మీ మామయ్య మరిచిపోయాడు. మరీ ఇంత అమాయకుడైతే ఇన్ని ఊళ్ళు ఎలా తిరిగాడో.

ఆయన కళ్ళు బాగయ్యాయని నాకు ఎప్పుడో తెలుసు. వీధి గుమ్మంలో కూర్చుని, వంటింట్లో నేను ఏరుతున్న బియ్యంలో రాయి వదిలేశానని చెప్పాడు. ఉత్తరం మళ్ళీ అంటించిన జిగురు కూడా మన ఇంటి జిగురే. చదివి వినిపిస్తుంటే ఆయన చెవులు ఎర్రబడటం చూడటానికి బాగుండి ఊరుకున్నాను. నువ్వూ తెలియనట్టే ఉండు.

ఒక్క గ్లాసని నేనెప్పుడూ రాయలేదు. ఆయనకి అంతకన్నా పడదు, నా పేరు పెట్టుకున్నాడు. నాకు రెండు పడతాయని ఆరోజే తెలిసింది.

పై నెలలో మళ్ళీ వెళుతున్నాం. తొట్టి పక్కనుంచి నీ కుర్చీ తెచ్చి మాకు ఎదురుగా వేసుకో, జడ్జిగారు చెప్పారని చెప్పు. ఈలోగా ఆ డ్రైవరు కనపడితే నా మాటగా ఒకటి చెప్పు. ఆ బస్సుని ఎవరి చేతా బాగు చేయించొద్దు.